కిలోల లెక్కన పోయిన సమ్మె

మా ఊరి సమ్మె కాయితాలను పాత పేపర్ల బండికి వేసింది నేనే. వరద వచ్చి కొట్టుకపోలేదు, చెదలు తినలేదు, ఎవరూ ఎత్తుకపోలేదు. సంచులు నేనే కట్టిన, తూకం దగ్గర నేనే నిలబడ్డ. రుద్రూర్‌లో ఈ సంగతి కొద్దిమందికే తెలుసు. తెలిసినవాళ్లు కూడా పెద్దమనిషినని, పంతులునని నా మొహం మీద అడగలేదు. వాళ్లు అడగలేదు కదా అని ఊరుకుంటే సరిపోయే తప్పు కాదిది. అందుకే రాస్తున్నాను.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె 2011 సెప్టెంబరు 13న మొదలై అక్టోబరు 24 దాకా 42 రోజులు నడిచింది. ముందురోజు కరీంనగర్‌లో జనగర్జన సభ జరిగింది. తెల్లారేసరికి ఉద్యోగులు కుర్చీలు ఖాళీ చేశారు. సింగరేణి కార్మికులు బావుల్లోకి దిగడం మానేశారు. 16 నుంచి మేం బడులు బంద్ పెట్టాం. 19 నుంచి ఆర్టీసీ బస్సులు డిపోలు దాటలేదు. ‘పని లేకపోతే జీతం లేదు’ అన్న 177 జీవో మా నెత్తి మీద ఉండనే ఉంది. దసరా పండుగ చేతిలో జీతం లేకుండానే గడిచింది.

మా నియోజకవర్గానికి ఆ 42 రోజుల నడుమనే ఉప ఎన్నిక కూడా వచ్చింది. తెలుగుదేశానికి, శాసనసభ్యత్వానికి రాజీనామా చేసి టీఆర్ఎస్‌లో చేరిన పోచారం శ్రీనివాస్‌రెడ్డి మళ్లీ నిలబడ్డారు. అక్టోబరు 13న బాన్సువాడలో పోలింగ్. దాదాపు 50 వేల మెజారిటీతో గెలిచారు. ఇవన్నీ ఏ పాత పేపరు తిరగేసినా దొరుకుతాయి. రుద్రూర్ అప్పటికి వర్ని మండలంలో ఒక ఊరు. చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉంది గనక వ్యవసాయం తెలిసినవాళ్లు ఆ పేరు వినే ఉంటారు. ఆ ఊళ్లో ఒక టెంటు కింద ఏం జరిగిందో ఏ పేపరులోనూ లేదు. అది రాసిన పుస్తకం ఒక్కటే ఉండేది. దాన్ని రాసింది నేను, పారేసింది కూడా నేను.

బోధన్ రోడ్డు పక్కన శిబిరం వేశాం. రిలే నిరాహార దీక్షలు. రోజుకో కులసంఘం, రోజుకో వాడ కూర్చునేది. పద్మశాలీలు, గౌండ్లవాళ్లు, ముదిరాజులు, మాదిగ వాడ, యువజన సంఘాలు, ఆటో డ్రైవర్లు. నా చేతిరాత బాగుంటుందని రాసే పని నాకు అప్పజెప్పారు. అట్ట గట్టిగా ఉన్న ఒక పెద్ద రిజిస్టర్ కొన్నాం. మొదటి గడిలో పేరు, పక్కన తండ్రి పేరో భర్త పేరో, ఆ పక్కన సంతకం. సంతకం రానివాళ్లకు స్టాంపు ప్యాడు పెట్టి వేలిముద్ర. వెనుక పేజీల్లో చందాల లెక్క, వంటావార్పు రోజు వచ్చిన బియ్యం, పప్పు, కట్టెల లెక్క. వీటికి తోడు ఒక ఫైలు. జిల్లా ఐక్య కార్యాచరణ సమితి (జేఏసీ) నుంచి వచ్చే సర్క్యులర్లు, కరపత్రాలు, మేం రాసుకున్న తీర్మానాలు, జనం ఇచ్చిపోయిన ఉత్తరాలు, విన్నపాలు అందులో పెట్టేవాణ్ని.

బీడీ చేసే ఆడవాళ్లు కూర్చున్న రోజు నాకు ఇప్పటికీ కండ్లముందు ఉంది. మా జిల్లాలో బీడీ లేని వాడ ఉండదు. వాళ్లు చాటలు పట్టుకునే వచ్చారు. టెంటు కింద చాపల మీద వరుసగా కూర్చొని, ఒళ్లో చాట పెట్టుకొని, తునికాకు కత్తిరిస్తూ, తంబాకు పోసి చుడుతూ నినాదాలకు గొంతు కలిపారు. మాలో ఒకరికి అది నచ్చలేదు. ‘దీక్ష అంటే పని బంద్ పెట్టాలె కదమ్మా’ అన్నాడు. ఒకామె తల ఎత్తకుండానే జవాబిచ్చింది: ‘మాకు నెల జీతాలున్నయా సారూ, రేపు ఇచ్చేదానికి? ఇయ్యాల చుడితేనే ఇయ్యాలటి కూలి. తిండి బంద్ పెట్టినం, అది చాలదా?’ నేను ఆ మాటను ఉన్నదున్నట్టు రిజిస్టర్ పక్క అంచున రాసిపెట్టాను. ఆమె వేలిముద్ర పక్కన తంబాకు మరక కూడా పడింది. అందరూ సమ్మెలో ఉన్నారని మైకులో చెప్పేవాళ్లం. సమ్మె చేసే స్తోమత అందరికీ ఒక్కలాగ లేదని ఆ పేజీ చెప్పేది. ఆ రోజు అది రాయాలని నాకు తోచింది. దాచాలని మాత్రం తర్వాత తోచలేదు.

బియ్యం లెక్క కూడా అట్లాంటిదే. నిజాంసాగర్ కాలువ పారకం మొదలైన తర్వాత గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి భూములు కొనుక్కొని స్థిరపడ్డ రైతుల క్యాంపులు మా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. ఉద్యమం వేడిలో వాళ్ల గురించి ఎవరికి తోచినట్టు వాళ్లు మాట్లాడేవాళ్లు. వంటావార్పు రోజు పొద్దున ఒక క్యాంపు పెద్దాయన ట్రాక్టరులో ఒక బస్తా బియ్యం పంపించాడు. పేరు రాయొద్దన్నాడు. ‘క్యాంపు నుంచి, బస్తా’ అని రాశాను. దాంతోపాటు ఒక ఉత్తరం పంపించాడు. తన తండ్రి కాలంలో ఈ నేలకు వచ్చామనీ, తన పిల్లలు ఇక్కడే పుట్టి ఇక్కడి బడుల్లోనే చదివారనీ, రాష్ట్రం వస్తే వాళ్ల స్థానికత ఏమవుతుందో ఎవరైనా పెద్దలు ఒక్కమాట చెప్పాలనీ అడిగాడు. శిబిరంలో చదివి వినిపించమని కూడా కోరాడు. బియ్యం వండుకున్నాం. ఉత్తరం చదవలేదు. ఫైలులో పెట్టి ఊరుకున్నాను.

దానికంటే పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. సింగరేణి బొగ్గు ఆగేసరికి కరెంటు కోతలు పెరిగాయి. అది సమ్మె బలం అని మేం సంబరపడ్డాం, ఢిల్లీకి సెగ తగిలిందని మైకులో చెప్పాం. అదే సమయానికి వరి పొట్ట మీద ఉంది. కాలువ కింద ఉన్నవాళ్ల సంగతి వేరు, బోరు మీద ఆధారపడ్డవాళ్లకు మోటరు నడవకపోతే మడి నెర్రెలు బారుతుంది. ఒక కౌలురైతు తెల్ల కాయితం మీద, ఆఫీసుకు దరఖాస్తు రాసినట్టు రాసి తెచ్చిచ్చాడు. శిబిరం పెద్దలకు వ్రాసుకున్న విన్నపం. తాను కూడా ఒకరోజు దీక్షలో కూర్చున్నానని మొదటే చెప్పుకున్నాడు. ఆ తర్వాత తన ఎకరాల లెక్క, కౌలు లెక్క. చివర సింగరేణి సంఘాలవాళ్లతో మాట్లాడి రాత్రిపూట రెండు గంటలైనా కరెంటు వచ్చేటట్టు చూడగలరని ప్రార్థన. మా చేతిలో ఏం లేదని అతనికీ తెలుసు. అయినా తన బాధ ఒక కాయితం మీద ఉండాలనుకున్నాడు, ఆ కాయితం తన పక్షం వాళ్ల దగ్గరే ఉండాలనుకున్నాడు.

నేను దాన్ని అంగీ జేబులో పెట్టుకున్నాను. రిజిస్టర్‌లో ఎక్కించలేదు. ఎవరైనా విలేకరి చూస్తే ‘సమ్మెతో రైతు విలవిల’ అని రాస్తాడని భయపడ్డాను. మన ఉద్యమానికి మచ్చ వస్తుందనుకున్నాను. అది నా మనసులో అప్పుడు నిజంగా ఉద్యమం మీద ప్రేమే. కానీ ఆ ప్రేమతోనే ఒక రైతు మాటను మడతపెట్టి, ఇంటికి తెచ్చి, క్యాంపు పెద్దాయన ఉత్తరంతో కలిపి వేరే కవరులో వేశాను. ఏది చరిత్రలో ఉండాలో, ఏది ఉండకూడదో తేల్చే అధికారం నాకెవరిచ్చారు? చేతిలో కలం ఉందని నేనే తీసుకున్నాను.

అక్టోబరు నడిమిట్లో ఆర్టీసీవాళ్లు, మేము, సింగరేణివాళ్లు ఒక్కొక్కరం సమ్మె నుంచి వెనక్కి వచ్చాం. 24న ఉద్యోగులు విరమించారు. ఆ రోజు రాష్ట్రం మాట ఎక్కడా లేదు. రిజిస్టర్, ఫైలు ఒక రేకు పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను. 2014 ఫిబ్రవరిలో బిల్లు పార్లమెంటు దాటింది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ సంతోషంలో పెట్టె గురించి తలుచుకున్నది లేదు. 2016 దసరాకు కొత్త జిల్లాలు వచ్చాయి. రుద్రూర్ మండలమైంది. మేం నిజామాబాద్ జిల్లాలోనే ఉండిపోయాం, బాన్సువాడ కామారెడ్డి జిల్లాలోకి పోయింది. ఆ తర్వాత ఇంటి కప్పు మరమ్మతు పెట్టుకున్నాం, అటక ఖాళీ చేయాల్సి వచ్చింది.

పెట్టె దించి అన్నీ బయట పరిచాను. రెండు కుప్పలు పెట్టాను. ఒకటి పేపరు కటింగులు. జిల్లా ఎడిషన్లలో మా శిబిరం ఫొటోలు వచ్చినవి, అందులో నేను కనబడేవి. వాటిని ప్లాస్టిక్ కవర్ల ఆల్బంలో ఒక్కొక్కటిగా పెట్టుకున్నాను. ఇంకోటి రిజిస్టర్, ఫైలు, రశీదు పుస్తకాలు. రిజిస్టర్ అట్ట ఊడిపోయింది, చినుకు పడి కొన్ని పేజీలు అతుక్కుపోయాయి. రాష్ట్రమే వచ్చింది, ఇంక ఈ వేలిముద్రలు ఎవరిక్కావాలి అనుకున్నాను. అదే మాట నా భార్యతో పైకే అన్నాను. ఆమె ఒక్కసారి ‘ఉండనియ్యి, ఎంత జాగ పడతది?’ అంది. నేను వినలేదు. రెండో కుప్ప సంచుల్లోకి, సంచులు బండి మీదికి ఎక్కాయి. ఆ కవరు కూడా వాటిలోనే పోయింది.

అచ్చులో వచ్చింది విలువైనది, చేతిరాత చిల్లర అన్న లెక్క నాలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకిప్పటికీ అంతుపట్టదు. బతుకంతా పిల్లల చేతిరాతలు దిద్దినవాణ్ని. మా ఊళ్లోనే పరిశోధనా కేంద్రంలో ఏ మడిలో ఏ రకం వేశారు, ఎప్పుడు నాటారు, ఎంత పండింది అని ఏళ్లకేళ్లు రాసి దాచుకుంటారు. పండని మడి లెక్క కూడా రాస్తారు. అది చూస్తూ పెరిగినవాణ్ని. పైగా 1969 తెలంగాణ ఉద్యమం గురించి మా పెద్దవాళ్లను ఎన్నోసార్లు నిలదీసినవాణ్ని. ‘మీరు కొట్లాడిండ్రు, జైళ్లకు పోయిండ్రు, ఒక్క కాయితం దాచిపెట్టలేదు, మాకేం తెలుస్తది?’ అని. వాళ్లు తల వంచుకునేవాళ్లు.

నా తప్పు నాకు తెలిసొచ్చింది ఒక పరిశోధక విద్యార్థిని వల్ల. ఊళ్లల్లో సమ్మె ఎట్లా నడిచిందో రాస్తానని హైదరాబాద్ నుంచి వచ్చింది. గర్వంగా ఆల్బం ముందు పెట్టాను. మర్యాదగా చివరిదాకా తిరగేసింది. ఆ తర్వాత మెల్లగా అంది: ‘ఈ పేపర్లన్నీ హైదరాబాద్‌లో లైబ్రరీల్లో ఉంటయి సర్. మీ ఊళ్లో తప్ప ఇంకెక్కడా దొరకనివి ఏమన్నా ఉన్నయా?’ ఉండేవి బిడ్డా అన్నాను. ఏమైనయి అని ఆమె అడగలేదు. నా మొహంలోనే కనబడి ఉంటుంది.

ఆమె చెప్పాకే నేను మిగతా ప్రపంచం ఏం చేసిందో చదివాను. 1926 మే నెలలో బ్రిటన్‌లో తొమ్మిది రోజుల సార్వత్రిక సమ్మె జరిగింది. బొగ్గు గని కార్మికుల కూలి తగ్గించొద్దని మొదలైంది. వాళ్లు ఓడిపోయారు. ఓడిపోయిన అదే ఏడాది ఎమిల్ బర్న్స్ అనే ఆయన లేబర్ రీసెర్చ్ డిపార్ట్‌మెంట్ తరఫున ఊరూరి కార్మిక మండళ్లకు ప్రశ్నల పత్రం పంపించి, మీ ఊళ్లో ఎట్లా నడిచింది, ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని రాబట్టి పుస్తకం వేశాడు. ఆ సమ్మెకు పిలుపిచ్చిన కార్మిక సంఘాల సమాఖ్య పత్రాలు ఇవాళ వార్విక్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. మన దేశంలో 1974 మే నెల రైల్వే సమ్మె కూడా ఓడిపోయిందే. దాని పత్రాలు నోయిడాలో వి.వి. గిరి జాతీయ కార్మిక సంస్థ నడిపే కార్మిక ఆర్కైవ్స్‌కు చేరాయి. ఆ గిరిగారు బరంపురం తెలుగువారు, పడుచుతనంలో బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టినవారు. 1974 సమ్మె నాటికి ఆయనే రాష్ట్రపతి.

ఓడిపోయినవాళ్లకు ఎందుకు ఓడామో తేల్చుకోవాల్సి ఉంటుంది, అందుకే వెతుక్కుంటారు, దాచుకుంటారు. గెలిచినవాళ్లకు ఆ అవసరం కనబడదు. నా విషయంలో జరిగింది అదే. రాష్ట్రం వచ్చింది గనక ఎట్లా వచ్చిందన్న లెక్క అక్కర్లేదనుకున్నాను.

అక్కర ఎట్లాంటిదో 2023 చివర్లో చూశాను. ప్రజాపాలన దరఖాస్తులు తీసుకుంటున్న రోజులు. ఉద్యమకారులకు 250 గజాల ఇంటి జాగ ఇస్తామని ఎన్నికల హామీ. దరఖాస్తులో ఉద్యమకారుల కోసం గడులు పెట్టారు: ఎఫ్ఐఆర్ నంబరు, ఏ సంవత్సరం, జైలుకు పోతే ఏ జైలు. ఒక పొద్దున ఆ బీడీల ఆమె మా ఇంటికి వచ్చింది. కండ్లు మసకబారాయి, నడక తగ్గింది. ‘సారూ, అప్పుడు మీరు నా ఏలు పట్టి ముద్ర ఏపిచ్చిండ్రు కద. ఆ కాయితం ఉంటే జిరాక్స్ తీసి ఇయ్యుండ్రి. నా మీద పోలీస్ కేసు లేదు, ఈ గడిల ఏం రాయాల్నో ఎరుకైతలేదు’ అంది.

రిజిస్టర్ ఉంటే ఒప్పుకునేవాళ్లో కాదో, అది వేరే మాట. కనీసం ఆమె చేతిలో ఒక కాయితం ఉండేది. పోలీసులు రాసుకున్నది స్టేషన్లలో, కోర్టుల్లో పదిలంగా ఉంది. మేం రాసుకున్నది లేదు. రాళ్లు విసిరినవాడికి సాక్ష్యం మిగిలింది. తిండి మానేసి బీడీలు చుడుతూ కూర్చున్న మనిషికి నేనొక్కణ్నే సాక్షిని, ఆ సాక్ష్యాన్ని కిలోల లెక్కన అమ్మాను. ఆమెకు ఆ మాట చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. విని ‘పోనియ్యుండ్రి సారూ’ అంది. నన్ను తిడితే బాగుండేది.

అప్పటి నుంచి వీలైనంత వెతుకుతున్నాను. ఒక కిరాణా దుకాణదారు దగ్గర మేమిచ్చిన చందా రశీదులు కొన్ని దొరికాయి, దేవుడి పటం వెనక పెట్టుకున్నాడు. ఆటో నడిపే నా పాత విద్యార్థి పాత ఫోనులో శిబిరం ఫొటోలు ఉన్నాయి. ఫోను బ్యాటరీ ఉబ్బిపోయింది, బోధన్‌లో బాగు చేయించి బొమ్మలు బయటికి తీయించాం. మిగిలింది మనుషుల జ్ఞాపకం. దాంతో ఇబ్బంది ఉంది. రాష్ట్రం వచ్చాక మా ఊళ్లో దీక్షకు కూర్చోనివాళ్లెవరూ లేరు. ఎవరు ఏ రోజు కూర్చున్నారో అడిగితే ఒకరి మాటకు ఇంకొకరి మాట కుదరదు. కూర్చున్నవాళ్లలో బీద ఆడవాళ్ల పేర్లే అందరికంటే ముందు మరుపున పడ్డాయి. కరెంటు కోత బాధ ఎవరికీ గుర్తులేదు. గుర్తున్నా ఇప్పుడు చెప్పడం బాగుండదనుకుంటున్నారు. రిజిస్టర్ ఉండి ఉంటే ఇన్ని తగవులు ఒక్క పేజీతో తీరేవి.

క్యాంపు పెద్దాయన కాలం చేశాడు. కొడుకు దగ్గరికి పోయి వాళ్ల నాయన రాసిన ఉత్తరం సంగతి చెప్పాను. ఆ ఉత్తరం రాసినట్టే అతనికి తెలియదు. ‘మా నాన్న అడిగినదానికి అప్పుడెవరైనా జవాబు చెప్పారా అండీ?’ అన్నాడు. చదవలేదు బాబూ, నేనే చదవనియ్యలేదు అన్నాను.

కౌలురైతు దగ్గరికి పోవడానికి ఎక్కువ వెనకాడాను. పొలం గట్టు మీదనే దొరికాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ విన్నపం మళ్లీ రాసిస్తావా అన్నా అని అడిగాను. నన్ను చూసి, కాలువ దిక్కు చూసి, ‘ఇప్పుడు రాస్తే అది అప్పటి మాట ఎట్లయితది సార్? అప్పుడు మడి ఎండుతుండె, రాసిన. ఇప్పుడు పండింది కండ్ల ముందట పెట్టుకొని ఏం రాయాలె?’ అన్నాడు. సమ్మె ఏడాది అతనికి ఎంత దిగుబడి వచ్చిందో అడిగితే చెప్పాడు. కౌలు కట్టాక ఏం మిగిలిందో కూడా చెప్పాడు. రాసుకున్నాను.

ఇప్పుడు కొత్త నోటుబుక్కు ఒకటి పెట్టాను. ఎవరు ఏం చెప్పారో వాళ్ల మాటల్లోనే రాసి, చెప్పిన తేదీ వేసి, ఇది తర్వాత గుర్తుచేసుకున్న మాట అని ప్రతి పేజీ పైన రాస్తున్నాను. రశీదులను, ఫొటోలను వేరుగా పెట్టాను, అవి అప్పటివి గనక. రైతు విన్నపానికి, క్యాంపు ఉత్తరానికి చెరొక పేజీ కేటాయించాను. అందులో ఏముండేదో నాకు గుర్తున్నంత రాసి, ఆ రెండింటినీ జనానికి తెలియకుండా దాచింది నేనేనని, ఆ తర్వాత అమ్ముకున్నది కూడా నేనేనని కింద సంతకం పెట్టాను. బీడీల ఆమె వేలిముద్ర మళ్లీ తీసుకోలేదు. ఆమె అప్పుడన్న మాట ఒక పేజీలో రాసి, చదివి వినిపించి, తప్పులుంటే దిద్దమన్నాను. ‘సారూ అనలేదు నేను, పంతులూ అన్న’ అంది. దిద్దాను. ఇంకో ప్రతి రాసి ఆమెకిచ్చాను.

వర్నిలో, కోటగిరిలో, బోధన్‌లో అట్లాంటి రిజిస్టర్ రాసినవాళ్లు నావంటివాళ్లు చాలామందే ఉన్నారు. ఈసారి ఇల్లు సర్దేటప్పుడు పెట్టె దించితే, బండివాణ్ని పిలిచేముందు నాకొక ఫోను చేయండి. నేను వచ్చి తీసుకుపోతాను. అట్ట ఊడినా, పేజీలు అతుక్కున్నా పరవాలేదు. అందులో సమ్మెను తిట్టిన ఉత్తరాలుంటే అవి ముందుగా ఇవ్వండి.